నాయనమ్మ పాటకు తగిన పిక్కు

నా చిన్నప్పుడు కావలిలో మా వీధి మొత్తానికి గిటారు ఒక్కటే ఉండేది. అది మా అత్తది. అత్త అంటే మా నాన్న చెల్లెలు. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేది. వీలైనప్పుడల్లా శనివారం మధ్యాహ్నం రైలుకు వచ్చి, ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లిపోయేది. ఆసుపత్రిలో ఉన్న ఒక పెద్ద నర్సమ్మ ఉద్యోగం మానుకుని వెళ్తూ ఆ గిటారు ఆమెకు ఇచ్చి వెళ్లిందట. హాస్టల్లో పెట్టుకోవడానికి చోటు లేక మా ఇంట్లోనే ఉంచేది. అట్లా అది నా చేతికి వచ్చింది.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఏడాదిపాటు అత్త నేర్పింది. వేళ్ల చివర్లు కాయలు కాసి, ఆ కాయలు నొప్పి పెట్టడం మానేసిన తర్వాత ఒకరోజు తన పాత పిక్కు నాకు ఇచ్చింది. పిక్కు అంటే తీగలు మీటే బిళ్ల. తమలపాకు ఆకారంలో, బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దగా ఉంటుంది. అత్త ఇచ్చింది మందంగా, తేనెరంగులో ఉండేది. దాంతో కొడితే తీగలు ఖంగుమనేవి. వీధి చివర పాలమ్మే ఆమెకు కూడా వినిపిస్తుందని తెలిసి నేను కిటికీ పక్కనే కూర్చుని వాయించేదాన్ని.

మా చర్చిలో ఏటా వరికోతలు అయ్యాక కోత పండుగ చేసేవాళ్లు. ఆ రోజు మా నాయనమ్మ ఒక పాత కీర్తన పాడేది. ఆమె పెళ్లయి ఈ ఊరికి వచ్చిన ఏడాది మొదలుపెట్టి, ఒక్క ఏడు కూడా తప్పకుండా పాడిందని చెప్పేవాళ్లు. ఎవరూ ఆమెను పాడమని అడిగేవాళ్లు కాదు. కానుకల దగ్గర వడ్లు పోసి, అక్కడే నిలబడి మొదలుపెట్టేది. అందరూ కూర్చుని వినేవాళ్లు. ఆ ఏడు మాత్రం వానల్లో జబ్బుపడి లేచింది. గొంతు సన్నబడిపోయింది. రెండు చరణాలకే దమ్ము అందేది కాదు. అందుకే పాస్టరుగారు, ఈసారి అమ్మాయి గిటారు తోడుంటే నాయనమ్మకు తేలికగా ఉంటుందని అన్నారు.

పండుగకు పదకొండు రోజుల ముందు, బుధవారం సాయంత్రం చర్చిలో అభ్యాసం పెట్టుకున్నాం. నేను ఆరు తీగల మీదా ఆ మందపాటి పిక్కుతో బలంగా కొట్టాను. నాయనమ్మ పాడుతూనే ఉంది, కానీ ఆమె పెదవులు కదలడం తప్ప నాకేమీ వినిపించలేదు. వినాలని నాకు తోచనూ లేదు. అయిపోయాక పెద్దవాళ్లు నా చుట్టూ చేరి మెచ్చుకున్నారు. నాయనమ్మ పక్కన బెంచీ మీద కూర్చుని పమిటతో మొహం తుడుచుకుంటోంది.

ఇంటికి నడిచి వస్తూ ఆమె నాన్నతో మెల్లగా అన్నది, "ఈ ఏడు నేను పాడన్లేరా. బిడ్డనే వాయించనీ. నాకు ఆయాసమొస్తా ఉంది."

నాన్న ఏదో నచ్చజెప్పబోయాడు. నేను నాలుగడుగులు వెనక నడుస్తున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, నిజం చెప్పాలి. ఆ మాట వినగానే నాకు సంతోషమే కలిగింది. పండుగనాడు అందరి ముందూ నేనొక్కదాన్నే వాయిస్తానని మనసులో లెక్క వేసుకున్నాను. నాయనమ్మ ఆ కీర్తన మానుకోవడమంటే ఏమిటో నేను ఆలోచించలేదు.

శనివారం అత్త వచ్చింది. నాన్న ఆమెకు విషయమంతా చెప్పాడు. నాకు చీవాట్లు తప్పవనుకున్నాను. అత్త నన్ను ఒకసారి వాయించమని, నా చెయ్యి చూస్తూ కూర్చుంది. తర్వాత అన్నం తిని, ఒక కొబ్బరిచిప్ప ముక్కా, విరిగిపోయిన కొమ్ము దువ్వెనా, ఆసుపత్రిలో పారేసిన ఎక్స్‌రే ఫిలిం ముక్కా ముందు పెట్టుకుంది. ఆ ఫిలిం ఎందుకో తన చేతిసంచిలో దాచుకునేది. కత్తెరతోనూ చాకుతోనూ మూడింటినీ ఒకే ఆకారానికి కోసి, అంచులు గచ్చు మీద రాసి నునుపు చేసింది.

పెరటి వసారాలో నాయనమ్మ చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది. ఆ పని చేసేటప్పుడు ఆమెకు కూనిరాగం తీసే అలవాటు. తను పాడుతున్నట్టు తనకే తెలియదు. అత్త మూడు బిళ్లలూ నా అరచేతిలో పెట్టి చెవిలో చెప్పింది.

"పోయి నాయనమ్మ వెనకాల కూచో. ఆమె పాటకి నువ్వు వాయించు. పాట ఆగిపోయిందా, ఆ పిక్కు నీది కాదు. ఏ పిక్కుకి ఆగదో అది నీది."

ఇదేదో ఆటలా ఉందనిపించింది. ముందు కొబ్బరిచిప్ప పిక్కు తీసుకున్నాను. రెండు దెబ్బలు కొట్టానో లేదో పాట ఆగిపోయింది. నాయనమ్మ వెనక్కి తిరిగి చూసి, "వాయించుకో తల్లీ, నేనాపినాలే" అన్నది. కోపంగా అనలేదు. దారిలో నిలబడినవాళ్లు బండి వస్తే పక్కకు తప్పుకుంటారే, అట్లా అన్నది. ఆ మాటతో నా చెయ్యి తీగల మీద ఉన్నది ఉన్నట్టే నిలిచిపోయింది. బుధవారంనాడు చర్చిలో జరిగింది కూడా ఇదేనని అప్పుడు తెలిసింది.

ఆట ఆడే సరదా పోయింది. ఆమె మళ్లీ బియ్యంలో పడి కూనిరాగం ఎత్తుకునేదాకా కదలకుండా కూర్చున్నాను. ఈసారి కొమ్ము పిక్కు పట్టుకున్నాను. రెండు పాదాలు సాగాయి. తర్వాత ఆమె నా చప్పుడును దాటాలని గొంతు పెంచింది, దగ్గు వచ్చింది, ఆగిపోయింది. లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

మూడోది ఎక్స్‌రే ఫిలింది. పల్చగా, వంచితే వంగేట్టుగా ఉంది. తీగలకు తగిలినప్పుడు అదే వంగి జారిపోతోంది. చప్పుడు చిన్నదైంది. కానీ నా అలవాటుకొద్దీ గట్టిగా పట్టుకోవడంతో టపటపమని కొట్టుకుంటోంది. అత్త చప్పుడు కాకుండా వచ్చి నా పక్కన కూర్చుంది. నా వేళ్లు కాస్త సడలించి, బిళ్లను కొంచెం ఏటవాలుగా తిప్పింది. "పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో. ఎగిరిపోగూడదు, నలిగిపోగూడదు" అని గొణిగింది.

అప్పుడు నాకు నాయనమ్మ గొంతు వినిపించింది. పాట ఒక్కటే కాదు, పాదానికీ పాదానికీ మధ్య ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో కూడా వినిపించింది. అక్కడ నేను కొంచెం ఆగాను. ఆమె అందుకున్నాక నేను అందుకున్నాను. చేటలో బియ్యం అయిపోయి, ఆమె రాళ్లు పారబోయడానికి లేచేదాకా కీర్తన ఆగలేదు.

అత్త తర్వాత నాకు విడమరిచి చెప్పింది. ఇక్కడికి రాని ఆదివారాల్లో తను నెల్లూరులో పెద్ద చర్చిలో, అక్కడి గిటారు మీద వాయిస్తుంది. వందమంది గొంతెత్తి పాడుతుంటే, ఒక్కొక్క తీగనే మీటి రాగం పలికించాలి. అందుకు మందపాటి పిక్కు కావాలి, వంగితే పనికిరాదు. నాది ఆరు తీగలూ కలిపి ఊపుతూ వాయించే చెయ్యి. దానికి పల్చటిది కావాలి. పల్చటిది తొందరగా అరిగిపోతుంది, అరిగితే ఇంకోటి కోసుకోవచ్చు. "నా పిక్కు నీకిచ్చింది నా తప్పే. నా చెప్పులు నీకు తొడిగి నడవమన్నట్టయింది" అన్నది. తప్పు తన మీద వేసుకుందని నాకు తెలుసు. దారిలో నాకు కలిగిన సంతోషం సంగతి ఆమెకు తెలియదు. చెప్పేశాను. ఏడుపు వచ్చింది. అత్త చాలాసేపు నా జడ విప్పి మళ్లీ అల్లుతూ కూర్చుంది.

పండుగకు నాయనమ్మను ఒప్పించడానికి పెద్దగా కష్టపడాల్సి రాలేదు. తర్వాతి వారమంతా ఆమె బియ్యం ఏరేటప్పుడు నేను వెనక కూర్చున్నాను. ఒకరోజు తనే, "ఆదివారం కూడా ఇట్నే వాయిస్తావా?" అని అడిగింది. వాయిస్తానన్నాను.

ఆదివారం చర్చిలో వరికంకుల వాసన, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్ల గోల. నాయనమ్మ వడ్లు పోసి నిలబడింది. మొదటి చరణం బాగా సాగింది. రెండోది అయ్యాక మూడో చరణం ఎత్తుకోలేదు. ఆమె మొహం చూశాను. మాటలు గుర్తు రావడం లేదు. ఆ క్షణంలో గట్టిగా వాయించి ఆ ఖాళీని నింపేయవచ్చు. నేను ఇంకా మెల్లగా, అదే వరస మళ్లీ వాయించాను. ఆమె నా వైపు చూసింది. ఇంకోసారి వాయించాను. మూడోసారికి ఆమె అందుకుంది. అక్కడ నాయనమ్మ మరిచిపోయిందని చర్చిలో ఎవరికీ తెలియలేదు.

బయటకు వచ్చాక పక్కింటి అక్క, నాయనమ్మ పాట ఈ ఏడు ఎంతో బాగుందని చెప్పి, నా వైపు తిరిగి, "నీ గిటారే సరిగ్గా వినపళ్లేదమ్మాయ్" అన్నది.

నాయనమ్మ నా భుజం పట్టుకుని మెట్లు దిగుతూ, "నాకు వినపడింది" అన్నది.

ఆ తర్వాత ఆమె ఇంకో రెండేళ్లు పాడింది.

నా పెళ్లయ్యాక గిటారు తగ్గిపోయి, ఎప్పుడో మూలన పడింది. కానీ ఆరోజు పెరటి వసారాలో నేర్చుకున్నది నన్ను వదలలేదు. మా ఆయనకు చివరి ఏడాది పక్షవాతం వచ్చి మాట సన్నబడింది. వచ్చినవాళ్లంతా మంచం చుట్టూ నిలబడి, ఏంటి, ఏంటి అని గట్టిగా అడిగేవాళ్లు. ఆయన సగంలో ఆపేసి గోడవైపు తిరిగేవారు. వాళ్లు వెళ్లాక నేను రేడియో కట్టేసి, చేతిలో పని కింద పెట్టి, ఆయన ఊపిరి తీసుకునేదాకా ఊరికే కూర్చునేదాన్ని. కాసేపటికి ఆయన ఇటు తిరిగి, చెప్పాలనుకున్నది చివరిదాకా చెప్పేవారు.