మాత్ర ఆపిన మూడో రోజు: చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా

చిక్కడపల్లి నుంచి నారాయణగూడకు మెట్రోలో ఒకటే స్టేషను. అక్కడి నుంచి అశోక్‌నగర్‌కు ఆటో మాట్లాడుకుంటే, సిగ్నళ్ళు కనికరిస్తే, పావుగంట. ఈ మూడు చోట్లా తిరగడానికి మొన్న మంగళవారం నాకు ఎనిమిది గంటల పైనే పట్టింది. ఇదీ ఒక ప్రయాణమేనా, దీని గురించి కూడా రాస్తారా అని మా ఇంట్లో నవ్వారు. చేతులు నొప్పిగా ఉన్న మనిషిని వెంటబెట్టుకుని ఎవరైనా ఇదే దారిన వెళ్ళవలసి వస్తే, నేను చేసినట్టు చేయకుండా ఉంటారని రాస్తున్నాను.

నేను ఒక వైద్య పరిశోధనలో ఉద్యోగం చేస్తున్నాను. రోగులకు కబురు చేయడం, పరీక్షలకు తీసుకెళ్ళడం, కాగితాలు నింపడం నా పని. కీళ్ళవాతం వచ్చినవాళ్ళ వేళ్ళూ మణికట్లూ లోపల ఎంత దెబ్బతిన్నాయో ఎక్స్‌రే ముందు చెబుతుందా, అల్ట్రాసౌండ్ స్కానింగు ముందు చెబుతుందా అన్నది ఆ పరిశోధనలో తేలాలి. ఆరు నెలలకోసారి ప్రతి రోగికీ ఒకే రోజున మూడు పరీక్షలు. చిక్కడపల్లిలో డాక్టరు కీళ్ళు నొక్కి చూస్తారు, నారాయణగూడలో ఎక్స్‌రే, అశోక్‌నగర్‌లో స్కానింగు. నొప్పి మాత్ర వేసుకుంటే వాపు సరిగా బయటపడదు కాబట్టి మూడు రోజుల ముందు నుంచే ఆ మాత్ర ఆపాలి. స్కానింగు అయ్యాక వేసుకోవచ్చు. కాగితం మీద ఇది ఒక్క వాక్యం.

ఆ రోజు నా వెంట వచ్చినామె అంజమ్మ. మహబూబ్‌నగర్ వైపు మనిషి, అంబర్‌పేటలో ఒక బస్తీలో ఉంటుంది. ఇరవై ఏళ్ళు ఇసుకా సిమెంటూ మోసింది. ఇప్పుడు మోయలేక, కడుతున్న ఒక అపార్ట్‌మెంటు దగ్గర సామానుకు కాపలా ఉంటోంది. ఉదయం ఎనిమిదీ పదికి చిక్కడపల్లిలో బస్సు దిగింది. ఆడవాళ్ళు బస్సులో టికెట్టుకు డబ్బులివ్వక్కర్లేదు గానీ ఆ వేళకు సీటూ దొరకదు. దారంతా నిలబడే వచ్చింది.

"గోలీ బంద్ జేసి మూడు దినాలాయె సారు. పొద్దుగాల్ల లేస్తే చేతులు నావి గావు," అంది. "జెడ గూడ పక్కింటామెనే ఏసింది. ఏందే, పెండ్లికి పోతున్నవా అని నవ్వవట్టె."

ఎనిమిదిన్నరకు రమ్మన్న డాక్టరు గారు తొమ్మిదీ యాభైకి వచ్చారు. వచ్చాక మాత్రం పని శ్రద్ధగా చేశారు. ఒక్కో కీలూ నొక్కుతూ, ఆమె "నొస్తది" అన్నప్పుడల్లా చెయ్యి బొమ్మ మీద చుక్క పెట్టమన్నారు. చుక్కలు పెట్టేది నేను. కుడి మణికట్టు దగ్గర ఆమె ఊపిరి బిగబట్టింది. నేను చుక్క పెట్టాను. అంతవరకే నా పని అనుకున్నాను.

పదీ నలభైకి మెట్రో ఎక్కాం. ఒక్క స్టేషనే కదా అని సీటు వెతకలేదు. పక్కనున్న పెద్దమనిషి ఆమె వేళ్ళు చూసి ఊరుకోలేకపోయాడు.

"గోరువెచ్చటి నీళ్ళల్ల ఉప్పేసి చేతులు పెట్టమ్మా, వారంల తగ్గుతది."

"పెట్టిననన్నా. ఉప్పు కరిగింది, నొప్పి కరగలే," అంది అంజమ్మ. ఆయన ఇంకో వైద్యం చెప్పబోయేలోగా నారాయణగూడ వచ్చింది.

ఎక్స్‌రే దగ్గర మా ముందు ఏడుగురున్నారు. మా వంతు వచ్చేసరికి పదకొండున్నర. ఆరు నెలల కిందట చెయ్యి ఎలా పెట్టారో ఇప్పుడూ అలాగే పెట్టాలి, లేకపోతే రెండు ఫిల్ములనూ పోల్చడం కుదరదు. తీసే ఆయన మర్యాదగానే చెబుతున్నాడు. "అరచెయ్యి మొత్తం పలకకు ఆనాలె అమ్మా."

"మొత్తం ఆనితె గీడికెందుకొస్త బిడ్డా."

నాలుగుసార్లు సర్ది, రెండుసార్లు తీశాడు. గోడ గడియారం చూసి నేనే విసుక్కున్నాను. "జర గట్టిగ ఒత్తమ్మా, అయిపోతది." ఆమె ఒత్తింది. ఆ తర్వాత చాలాసేపు కుడి చేతిని ఎడమ చేత్తో ఒళ్ళో పట్టుకుని కూర్చుంది.

ఫిల్ముల కోసం ఎదురుచూస్తూ ఫోను తీశాను. మా ఆఫీసు గ్రూపులో పొద్దున్నే వచ్చే శుభోదయాల గోల పడలేక దాని చప్పుడు ఆపేసి చాలా రోజులైంది. అందులో క్రితం సాయంత్రం ఆరింటి సందేశం ఉంది. స్కానింగు డాక్టరమ్మ మంగళవారం మధ్యాహ్నం ఉండరు, నాలుగు తర్వాత వస్తే రావచ్చు, రాకపోతే మరో రోజు, రోగులకు చెప్పి మాత్ర వేసుకోమనండి అని. నేను తప్ప అందరూ చూసినట్టున్నారు.

అప్పుడు సమయం పన్నెండు. అక్కడే చెప్పేస్తే ఆమె మాత్ర వేసుకుని ఇంటికి పోయేది. నేను చెప్పలేదు. ఆ నెలలో నా రోగులవి అప్పటికే రెండు పరీక్షలు తప్పాయి, మూడోది కూడా తప్పితే మాట పడాలి. డాక్టరమ్మ నాలుగింటికి వస్తే అన్నీ సర్దుకుంటాయని లెక్క వేసుకున్నాను. "అశోక్‌నగర్ల జర లేటయితదట. అరగంట," అన్నాను.

ఆటోకు ఎనభై రూపాయలు. దారిలో ఒకచోట రోడ్డు తవ్వి ఉంది. చుట్టూ తిప్పుతూ డ్రైవరు తవ్వినవాళ్ళను తిట్టాడు. అంజమ్మ ప్రతి కుదుపుకూ రెండు చేతులూ గాల్లోకి ఎత్తి పట్టుకుంది. అశోక్‌నగర్ చేరేసరికి పన్నెండూ నలభై. వీధి నిండా కోచింగ్ సెంటర్ల బోర్డులు, జిరాక్స్ దుకాణాలు, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు. స్కానింగు గది మొదటి అంతస్తులో ఉంది, తలుపు వేసి ఉంది.

కింద మెస్సులో భోజనం చేశాం. వేళ్ళతో అన్నం కలపలేక ఆమె పెరుగన్నమే తిన్నది, చెంచాను పిడికిట్లో గరిటెలా పట్టుకుని. ఒంటిగంటన్నరకు కొంగు ముడి పళ్ళతో విప్పి మాత్రల అట్ట తీసింది.

"సారు, గిది జర ఒత్తియ్యి. నా వేళ్ళతోని బయటికి రాదు. ఇంటికాడ పక్కింటామె ఒత్తిస్తది."

అట్ట నా చేతిలోకి వచ్చింది. బొటనవేలితో నొక్కితే చాలు. "ఇంకొక్క అరగంట ఆగమ్మా," అని దాన్ని నా సంచిలో వేసుకున్నాను. పడిపోతుందేమో, నా దగ్గర ఉండనీ అన్నాను కూడా.

రెండుంబావుకు అడిగింది. అరగంట అన్నాను. మూడింటికి అడిగింది. అదే మాట. మధ్యలో రెండు టీలు తెప్పించాను. వేడి గ్లాసును రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని, తాగకుండా చల్లారేదాకా పట్టుకుని కూర్చుంది. మూడూ ఇరవైకి అడగడం మానేసింది.

"నా గోలీలు నాకియ్యి," అంది.

ఇచ్చాను. మెట్ల మీద ఒక అమ్మాయి ఒళ్ళో లావుపాటి పుస్తకం పెట్టుకుని చదువుకుంటోంది. అంజమ్మ నేరుగా ఆ పిల్ల దగ్గరికి వెళ్ళింది.

"బిడ్డా, గిది జర ఒత్తియ్యవా."

అమ్మాయి మాత్ర తీసి అరచేతిలో పెట్టింది, అడగకుండానే తన సీసా మూత తీసి నీళ్ళిచ్చింది. అంతా కలిపి నాలుగు క్షణాలు పట్టి ఉంటుంది. తర్వాత నా వైపు చూసి, "మీరు ఈమెకు ఏమైతరు అంకుల్?" అంది. నేను సంచి సర్దుకున్నాను.

స్కానింగు డాక్టరమ్మ మూడూ యాభై అయిదుకు వచ్చారు. అరగంటలో వాపు తగ్గిపోదని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా మాత్ర పడింది కాబట్టి ఈ పరీక్ష లెక్కలోకి రాదన్నారు. పరీక్ష తప్పితే కారణం రాయడానికి ఒక కాగితం ఉంటుంది. అందులో గడులున్నాయి: రోగి నియమం పాటించలేదు, వైద్యులు అందుబాటులో లేరు, సిబ్బంది పొరపాటు. మొదటి గడిలో టిక్కు పెట్టడం నా చేతికి అలవాటైన పని. ఎవరూ మళ్ళీ అడగరు. తప్పు రోగిది అని రాస్తే ఆ పేరు మీద ఒక గుర్తు పడుతుంది, అంజమ్మ పేరు మీద అప్పటికే ఒకటి ఉంది. రెండోది పడితే ఆమెను పరిశోధన నుంచి తీసేస్తారు. దాంతోపాటు కీళ్ళవాతానికి ఉచితంగా వచ్చే అసలు మందూ ఆగిపోతుంది.

మూడో గడిలో టిక్కు పెట్టి, కింద రాశాను: సందేశం నేను చూడలేదు, చూశాక కూడా రోగికి చెప్పలేదు, నొప్పితో మూడు గంటలకు పైగా ఆపి ఉంచాను.

డాక్టరమ్మ చదివి, "ఇది మీ మీదికే వస్తుంది కదండీ," అన్నారు.

"అవునండీ," అన్నాను. సంతకం పెట్టాక పెన్ను మూత ఎంత వెతికినా దొరకలేదు.

నాలుగున్నరకు అంబర్‌పేట బస్సు ఎక్కాం. నేను ఆమెతో వెళ్ళవలసిన పని లేదు, అయినా వెళ్ళాను. బస్సు కిక్కిరిసి ఉంది. కమ్మీని వేళ్ళతో పట్టుకోలేక అంజమ్మ మోచెయ్యి మడిచి దానికి తగిలించుకుని నిలబడింది. రోగులు చేతులతో ఏ పనులు చేసుకోగలరో తెలుసుకునే మా ప్రశ్నపత్రంలో సీసా మూత గురించీ గుండీల గురించీ అడుగుతాం. బస్సు కమ్మీ గురించి ఎప్పుడూ అడగలేదు.

ఆ రద్దీలోనే చెప్పాను. డాక్టరమ్మ లేరని పన్నెండింటికే తెలుసని, అరగంట అని అబద్ధం చెప్పానని.

"ఫోను జూసినప్పుడే నీ మొకం మారె," అంది. "ఏదో ఉన్నదనుకున్న. అడిగితే తీసేస్తరేమోనని అడగలే."

ఈసారి డాక్టరు ఉన్నారని నేనే కనుక్కుని, మాత్ర ఆపే ముందు ఫోను చేస్తానన్నాను.

"చెయ్యి సారు. గని రెండుసార్లు జెయ్యి. గ బటను ఒత్తుదామని వేలు తిప్పేవరకు కట్ అయితది. ముందుగాల గట్లనే అయ్యింది."

ఆమె పేరు పక్కనున్న మొదటి గుర్తు కూడా నేను పెట్టిందే. ఒక్కసారి ఫోను చేసి, ఎత్తలేదని 'రోగి స్పందించలేదు' అని రాశాను. అంజమ్మ తన స్టాపులో మోచేత్తో జనాన్ని తప్పించుకుంటూ దిగిపోయింది. తిరుగు బస్సులో నాకు సీటు దొరికింది. కూర్చుని, ఆ మొదటి గుర్తు కూడా కొట్టేయమని ఆఫీసుకు ఉత్తరం రాయడం మొదలుపెట్టాను.