గోవాలో నేను మార్చి చెప్పిన మాట

ఏళ్ల తరబడి ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. ఇంట్లో గోవా పేరు వస్తే లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. ఎందుకో ఎవరూ అడగలేదు. మీకు చెబుతాను.

ఎనభైల మొదట్లో, మా పెళ్లయిన కొత్తలో, మా ఆయన, ఆయన చెల్లెలు సుగుణ, నేను జహీరాబాద్ నుంచి బస్సులు మారుతూ గోవా వెళ్లాం. మూటలో జొన్నరొట్టెలు, నువ్వుల పొడి. కోహీర్ పొలాల్లో పెరిగిన సుగుణ సముద్రాన్ని చూడగానే చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తింది.

"వదినా, జర రా! గిన్ని నీళ్లు ఎన్నడన్న చూసినవా?"

అత్తగారింట్లో తలెత్తి మాట్లాడని నేను ఆ రోజు పగలబడి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ హాయిగానే ఉంటుంది. అదే కదా నా బాధ.

వల సర్దుకుంటున్న ఒక జాలరి నా దగ్గరికి వచ్చి మరాఠీలో చెప్పాడు. ఈ రాళ్ల పక్కన దిగొద్దు, అడుగున నీళ్లు లాగేస్తాయి, పడవలున్న వైపు వెళ్లండి అని. మా ముగ్గురిలో మరాఠీ వచ్చింది నాకే. మా అమ్మమ్మది మహారాష్ట్ర.

"ఏమంటుండు?" అన్నారు మా ఆయన.

"చేపలు కావాల్నా అని అడుగుతుండు."

ఎందుకలా అన్నాను? మా ఆయన భయస్తుడు. తెలిస్తే వెంటనే అందరినీ లాడ్జికి తిప్పుకుపోతారని, ఆ కాస్త సంబరం అక్కడితో అయిపోతుందని, మోకాళ్ల లోతు నీళ్లేం చేస్తాయిలే అని... ఎంత వెతికినా ఇంతకు మించిన కారణం నాకు దొరకలేదు.

కాసేపటికే అల సుగుణను లాక్కుపోయింది. ఆ జాలరే దూకి, జుట్టు పట్టుకుని ఒడ్డుకు చేర్చాడు. ఆమె నీళ్లు కక్కుతుంటే మా ఆయన అతని చొక్కా పట్టుకున్నారు.

"ఈడనే ఉంటివి కద! ముందుగాల ఎందుకు చెప్పలే?"

మాట తెలియకపోయినా, అడుగుతున్నదేమిటో అర్థమై జాలరి నా వైపు తిరిగాడు. "చెప్పాను కదమ్మా, నువ్వు వీళ్లతో అనలేదా?" అని మరాఠీలోనే అడిగాడు.

"ఏమంటుండు?"

"తప్పయిందంటుండు" అన్నాను.

అతను చొక్కా విడిపించుకున్నాడు. తడి బట్టలతోనే వల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణంలో సుగుణ, జహీరాబాద్ దగ్గరి చిరాగ్‌పల్లి వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. తర్వాత ఎన్నడూ చెరువు గట్టు కూడా ఎక్కలేదు. "ఆ మనిషి ముందుగాల చెప్తే నేను దిగుతుంటినా?" అని పిల్లలతో అంటుంది. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను.

ఆమెతో చెప్పే ధైర్యం ఈ రోజుకీ రాలేదు. జాలరిని క్షమించమందామంటే పేరైనా తెలియదు. అతను చెప్పాడు. దాచింది నేను. మీ ముందు అనేశాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.