మా అప్ప మొగుడు సుబేదారు

మా అప్ప మొగుడు నాకు సెల్యూట్ కొట్టాడన్న సంగతిని మా బంధువుల్లో చాలామంది ఇప్పటికీ క్షమించలేదు. కొట్టమని నేనడగలేదు. వద్దనే అధికారం కూడా నాకు లేదట. చుక్క నా భుజం మీదే ఉండేది గానీ, దాన్ని ఏం చేసుకోవాలో రూలు పుస్తకంలో ఉండేది.

విజయనగరంలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. రెండువేల పదిహేను ప్రాంతాల మాట. బడిలో కేడెట్ దళం పెడుతున్నాం, టీచర్లలోంచి ఒక ఆఫీసరు కావాలి అంటూ హెడ్ మేడమ్ స్టాఫ్ రూములోకి వచ్చి అందరి మొహాలూ చూసింది. ఒకామెకి వెంటనే మోకాలి నొప్పి వచ్చింది. ఇంకొకామె ఇంట్లో చంటిపిల్ల ఉంది. మూడో ఆమెకి అత్తగారు. నాకు ఆ క్షణంలో ఏ రోగమూ గుర్తుకు రాలేదు. అలా ఆఫీసర్నయ్యాను. గ్వాలియరు తీసుకుపోయి మూడు నెలలు ఎండలో పరిగెత్తించి, భుజానికొక చుక్క తగిలించి, థర్డ్ ఆఫీసర్ అని పేరు పెట్టి పంపించారు. మొదటి ఇద్దరూ ఎవరో నేనడగలేదు.

పిల్లలకి కవాతు నేర్పడానికి మాత్రం నిజం మిలట్రీ వాళ్ళు వస్తారు. మొదటి పరేడు రోజు గ్రౌండులో నలభై మంది పిల్లలతో నిలబడి ఉంటే గేటు దగ్గర స్కూటరు ఆపి ఒక హవల్దారు దిగాడు. చూద్దును కదా, మా బావ. మా వైపు అక్కని అప్ప అంటాం, ఆ అప్ప మొగుడు. ఆర్మీలో ఇరవై రెండేళ్ళు చేసి, రిటైరయ్యే ముందు సొంతూరి వైపు వేయమని అడుక్కుని ఈ పోస్టింగు తెచ్చుకున్నాడని తెలుసు గానీ, మా బడి ఆయన వంతుకొస్తుందని ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

నాకు మూడడుగుల దూరంలో ఆగి, మడమలు టక్కుమనిపించి, సెల్యూట్ కొట్టి, "జైహింద్ మేడమ్" అన్నాడు.

"బావా, అప్పకి జొరం తగ్గిందా?" అన్నాను నేను.

నలభై మందీ గొల్లుమన్నారు. బావ చెయ్యి మాత్రం దించలేదు. కళ్ళు ఎదరకే పెట్టుకుని, పెదవి కదపకుండా అన్నాడు. "సెయ్యెత్తవే. నువ్వెత్తందే నాను దించడానికి నేదు."

గబగబా ఎత్తాను. ఎడమ చెయ్యి ఎత్తానని పిల్లలు తరవాత చెప్పారు.

ఆ సాయంత్రం అప్ప ఇంటికి వెళితే గ్లాసు నీళ్ళు కూడా ఇవ్వలేదు. "మా ఆయన సేత సెల్యూట్ కొట్టించుకున్నావటే? ఇరవై రెండేళ్ళ నౌకరీ నీ మూడ్నెల్ల సదువుకి కాళ్ళు దగ్గరెట్టి నిలబడాలేటి?" అంది.

అది రూలని చెప్పబోయాను. బావ కూడా రూలే అన్నాడు. అప్ప బావ వైపు తిరిగింది. "అదే నువ్వు నిజంగా సుబేదారువైతే ఇది నిన్ను సాబ్ అనాల్సొచ్చును" అంది. బావ లేచి స్కూటరు తుడుచుకోడానికి వీధిలోకి పోయాడు.

అప్ప కోపం వచ్చినప్పుడే బావని 'నువ్వు' అనేది. ఆ మాటలో 'నిజంగా' అన్న ముక్క ఎందుకొచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

కళింగపట్నం దారిలో ఉంటుంది బావ వాళ్ళ ఊరు. వరి, పెసలు పండించే కుటుంబం. పెళ్ళిచూపుల నాడు మా నాన్న "అబ్బాయి మిలట్రీలో ఏం చేస్తాడమ్మా" అని అడిగితే, బావ తల్లి తడుముకోకుండా "మావోడు సుబేదారండి" అంది. మా నాన్న ఆ మాట పట్టుకుని చుట్టాలందరికీ సుబేదారు సంబంధమని చెప్పుకున్నాడు. పెళ్ళయిన మూడో నెల బావ నల్ల ట్రంకు పెట్టె ఇంటికొచ్చింది. దాని మూత మీద తెల్లరంగుతో నంబరు, నంబరు పక్కన 'సిపాయి' అని ఉంది. అప్ప ఇంటరు చదివింది. ఆ మాటకీ ఈ మాటకీ ఎంత దూరమో పక్కింటి రిటైర్డు మిలట్రీ ఆయన్ని అడిగి తెలుసుకుంది. ఐదు మెట్లట.

ఆనాటి నుంచి అత్తగారంటే అప్పకి పడదు. ముసల్ది మోసం చేసి పెళ్ళి చేసిందని ఆమె కేసు. ఎదురుగా ఏమీ అనదు, పండక్కి చీర పెడుతుంది, కాలికి దండం పెడుతుంది, ఇంటికొచ్చి నాతో మాత్రం అంతా కక్కుతుంది. బావతో పోట్లాట వస్తే "చాల్లెండి సుబేదారుగారూ" అంటుంది.

ఆ మనిషి మరి ఏం చేశాడంటే, ఎక్కడం మొదలుపెట్టాడు. లాన్స్ నాయక్ అయ్యాడు, నాయక్ అయ్యాడు, హవల్దారయ్యాడు. అయినప్పుడల్లా ట్రంకు మీద పాతమాట చెరిపి కొత్తమాట రాయించాడు. ఇంకొక్క మెట్టెక్కితే నాయబ్ సుబేదారు. అక్కడే ఆగిపోయింది. ఆ మెట్టు దగ్గర ఖాళీలు తక్కువ, కాచుకున్నవాళ్ళు ఎక్కువ. రిటైర్మెంటు దగ్గరికొచ్చేసింది.

ఒకరోజు పరేడయ్యాక టీ తాగుతూ తనే అన్నాడు. "పింఛను కోసం కాదే. ఆ ట్రంకు మీద ఒక్కసారి ఆ మాట రాయించుకుంటే సాలు. మీ అప్ప కాడ మా అమ్మ మాట నిలబడతాది."

ఊళ్ళో ఇంకో తంటా. అక్కడ చిన్నా పెద్దా అందరూ ఆయన్ని ఇరవయ్యేళ్ళుగా "సుబేదారూ" అనే పిలుస్తారు. పిలిచిన ప్రతివాడికీ ఆయన "హవల్దార్నిరా" అని దిద్దుతాడు. వాళ్ళు "అలాగే సుబేదారూ" అని పోతారు.

ఆ డిసెంబరులో శృంగవరపుకోట దగ్గర ఒక కాలేజీలో పది రోజుల క్యాంపు పెట్టారు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్సు, మూడు విభాగాల కేడెట్లూ ఒకేచోట, నేర్పేవాళ్ళూ మూడు రకాలు. ఎవర్ని ఏమని పిలవాలో తెలీక మొదటి రోజే నా పరువు పోయింది. నేవీ ఆయన్ని మర్యాదగా "సాబ్" అన్నాను. "సాబ్ ఆర్మీ వాళ్ళకండి, నన్ను చీఫ్ అనండి" అన్నాడు. ఆయన చీఫ్ పెట్టీ ఆఫీసరట. సరే, నేర్చుకున్నాం కదా అని ఎయిర్‌ఫోర్సు ఆయన్ని "చీఫ్" అన్నాను. ఆయన నావైపు చాలాసేపు చూసి, "వారెంట్ ఆఫీసర్" అని పూర్తిగా, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు. మనవైపు ముక్కూ మొహం తెలీని మనిషిని కూడా బాబూ అనో, మావా అనో, మరీ తోచకపోతే మాస్టారూ అనో పిలిచేస్తాం, ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ ఒక్క పిలుపు తప్పితే భోజనాల దగ్గర ఎదుటివాడు పప్పు కూడా అందించడు.

రాత్రి బావ నా నోటుబుక్కులో రాయించాడు. హవల్దారు నేర్పేవాడైతే ఉస్తాద్. నాయబ్ సుబేదారు నుంచి పైకి సాబ్, ఎంత పెద్ద జనరలైనా సరే వాళ్ళని సాబ్ అనే పిలవాలి. నేవీలో చీఫ్, ఆ పైవాడు మాస్టర్ చీఫ్. ఎయిర్‌ఫోర్సులో సార్జెంటుని సార్జెంటనే అనాలి, వారెంట్ ఆఫీసర్ని కుదించకూడదు. రాయిస్తూ రాయిస్తూ 'సాబ్' దగ్గర ఒక్క క్షణం ఆగి, "దీని కింద గీత గియ్యి" అన్నాడు.

నేను గీసిన గీత నాకు పట్టుకుంది. ఇన్నేళ్ళు మంచులోనూ ఇసకలోనూ చేసినవాడు, ఒక్క మాట కోసం ఇంతగా చూస్తున్నాడే, ఆ మాట నేనంటే ఎవరి సొమ్ము పోయింది అనిపించింది. తెలివి ఎక్కువైతే ఇలాంటివే తోస్తాయి.

చివరి రోజు బహుమతుల సభ. కవాతులో మా పిల్లలకి మొదటి బహుమతి. మైకు నా చేతిలో ఉంది. ముందు వరసలో బావకి పైవాడు మా యూనిట్ సుబేదారు సాబ్, చీఫ్, వారెంట్ ఆఫీసరు, పక్కన నిలబడి బావ. "ఈ పిల్లలకి కవాతు నేర్పిన మా సాబ్" అని బావ వైపు చెయ్యి చూపించాను.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఎవరూ కొట్టలేదు. సుబేదారు సాబ్ నన్ను చూడలేదు, బావని చూశాడు. చీఫ్ తన బూట్లు చూసుకున్నాడు. బావ ముఖం నల్లబడిపోయింది. అప్పుడు తెలిసింది నాకు, నేనేదో పెద్ద వెధవపనే చేశానని.

సభయ్యాక కొళాయి దగ్గర కంచం కడుక్కుంటున్నాడు. వెళ్ళి నిలబడ్డాను.

"తెలీక అన్నావేటి?" అన్నాడు.

"తెలిసే అన్నాను బావా."

"అదే తప్పు. తెలీక అంటే నవ్వుకుంటారు. తెలిసి అంటే జాలి. ఆ సుబేదారు సాబ్ ఆ మాట కోసం ఎన్నేళ్ళు సేసినాడో నీకు తెలుసేటి? ఆయన ముందర నాకు దానం సేసినావు." కంచం బోర్లించి చేతులు దులుపుకున్నాడు. "మా అమ్మొకర్తి సాలు, నాకు నేని హోదా ఇచ్చింది. నువ్వు కూడా ఇవ్వకు."

ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా లేదు, ఒంటి మీద యూనిఫారం ఉంది. ఆ రోజు నుంచి బావ నన్ను ఇంటి దగ్గర కూడా "మేడమ్" అనే పిలిచాడు. "మేడమ్, కూర వేసుకోండి." అప్ప పక్కనుంచి పగలబడి నవ్వేది. ఆమెకేం తెలుసు, ఒక్కో మేడమూ నాకు మొట్టికాయలా తగిలేది. గ్రౌండులో సెల్యూట్లు కూడా అంతకుముందు కంటే ఇంకా గట్టిగా కొట్టేవాడు.

ఆ మరుసటి ఏడాది హవల్దారుగానే రిటైరయ్యాడు. అయితే రిటైరైన హవల్దార్లలో కొందరికి ఆగస్టు పదిహేనుకో జనవరి ఇరవయ్యారుకో గౌరవంగా నాయబ్ సుబేదారు హోదా ఇస్తారు. బావ దాని గురించి ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. ఎత్తలేదంటేనే మాకు తెలుసు, దానికోసమే చూస్తున్నాడని. జనవరి జాబితాలో రాలేదు. ఆగస్టు జాబితా వాట్సాప్‌లో వచ్చింది. చీమల్లా అక్షరాలు, వేళ్ళతో పెద్దది చేసుకుంటూ నేనూ అప్పా వెతుకుతున్నాం. ఈలోగా బావ ఫోను మోగింది. మా యూనిట్ సుబేదారు సాబ్. అటునుంచి "ముబారక్ హో, సాబ్" అన్నది నాకూ వినబడింది. బావ కుర్చీలోంచి లేచి నిలబడి, ఫోను పెట్టేసేదాకా అలాగే అటెన్షన్లో ఉన్నాడు.

నేనూ లేచి "జైహింద్ సాబ్" అన్నాను. ఈసారి తప్పు లేదు.

"ఏటే, టీ పెట్టవేటి?" అన్నాడు నా వైపు తిరిగి. మేడమ్ పోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ట్రంకుకి రంగు వేయిద్దామంటే, ముందు అమ్మకి చెప్పాలన్నాడు. ఆదివారం ముగ్గురం స్వీట్లు కొనుక్కుని బస్సెక్కి, శ్రీకాకుళంలో ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. దారి పొడుగునా అప్ప ముఖం ముడుచుకునే ఉంది. "సెప్పనీ, ముసల్దాని అబద్ధం ఇప్పటికి నిజమైందని సెప్పనీ" అని నా చెవిలో అంది.

బావ తల్లి వాకిట్లో కూర్చుని చేటలో పెసలు చెరుగుతోంది. బావ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, నన్ను సుబేదారు సేసినారే."

ఆమె చేట ఆపింది. కొడుకు ముఖంలోకి భయంగా చూసింది. "మద్దిలో ఏటైనాదిరా? తీసీసినారేటి?"

బావ తడబడుతూ చెప్పాడు. "తీసీడం కాదే. ముందు సిపాయిని. మరి నాయక్‌ని. నిన్నటిదాకా హవల్దార్ని. ఇప్పుడు నాయబ్ సుబేదారు. అదీ గౌరవానికి."

"అయ్యన్నీ నాకేటి తెలుసురా" అంది ఆమె. "పట్టాళంలోకెల్లినోడు సుబేదారు కాదేటి? మన ఈదిలో ముసలాయన ఎల్లొచ్చినాడు, సుబేదారనే పిలిసీవోరు. నువ్వెల్లినావు, నువ్వూ అదే అనుకున్నాను. మీ మావ అడిగితే అదే సెప్పినాను." చేటలో పెసల్ని వేళ్ళతో అటూ ఇటూ జరిపి, కోడలి వైపు చూసింది. "తప్పు సెప్పినానేటమ్మా?"

అప్ప చేతిలో స్వీట్ల పెట్టె అలాగే ఉంది. ఇరవయ్యేళ్ళ కేసు, ఒక్క నిమిషంలో కొట్టేశారు. నవ్వబోయి అప్ప ముఖం చూసి ఆగిపోయాను. కళ్ళు నిండిపోయి ఉన్నాయి. "ఇన్నేళ్ళు తిట్టుకున్నానే ఈ ముసల్దాన్ని" అంది నాతో. పెట్టె అరుగు మీద పెట్టి, వెళ్ళి అత్తగారి పక్కన మట్టిలోనే కూర్చుని, చేట తన చేతిలోకి తీసుకుంది.

"తప్పు నేదత్తా. సరిగ్గానే సెప్పినావు" అంది.

అప్పుడే దడి అవతల సైకిలు మీద పోతున్న ఒకాయన కాలు ఆనించి ఆగాడు. "ఏటి సుబేదారూ, ఎప్పుడొచ్చినావు?"

అలవాటు పోక, దిద్దడానికి బావ నోరు తెరిచాడు. తెరిచి, ఏమనాలో తెలీక అలాగే ఉండిపోయాడు.

అప్ప పెసలు చెరుగుతూ, తల ఎత్తకుండానే అంది. "మిమ్మల్నే పిలస్తన్నాడు. పలకరేటి?"