కర్త గారి సంతకం

హరనాథ్‌కి కోపం రావడం నేను రెండే రెండుసార్లు చూశాను. మొదటిసారి వచ్చినప్పుడు నేపర్‌విల్ ఊళ్లో మంచు అంతా ఒక్క పూటలో కరిగిపోయింది. నమ్మకపోతే మీ ఇష్టం. రెండోది 1983 ఏప్రిల్లో, చికాగోలో ఒక టాక్స్ అకౌంటెంట్ ఆఫీసులో. ఇది మాత్రం అక్షరాలా నిజం. పక్క కుర్చీలో నేనే ఉన్నాను.

హరనాథ్ టెలిఫోన్ల ఇంజనీరు. హోటల్లో తను అడగనిది తెచ్చిపెట్టినా నోరెత్తకుండా తినేసి వచ్చే రకం. తెనాలిలో వాళ్ల నాన్న పోయాక రైసుమిల్లు అద్దె ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి కుటుంబం పేరన వస్తోంది. పెద్దకొడుకు కాబట్టి కాగితాల్లో ఆ కుటుంబానికి కర్త ఇతనే.

ఆ అద్దెని ఇక్కడి పన్ను ఫారంలో ఎలా చూపించాలని మొదటి ఏడు దామోదర్ గారిని అడిగాడు. ఆయన గుండె డాక్టరు. మనవాళ్లకి డాక్టరైతే చాలు, పన్నులూ పెళ్లిళ్లూ కారు రిపేర్లూ అన్నీ వచ్చేసినట్టే.

"ఆ గడి ఖాళీగా వదిలెయ్యవోయ్, ఎవడు చూస్తాడు" అన్నారాయన.

వదిలేశాడు. ఏడాదంతా భయపడి, ఈసారి గంట లెక్కన ఫీజు తీసుకునే అకౌంటెంటుని పెట్టుకున్నాడు. తెనాలి నుంచి వచ్చిన కాగితంలో 'కర్త' అన్న మాట చూసి, ఈ మిస్టర్ కర్త ఎవరని అడిగాడతను. అది నేనేనని హరనాథ్ రెండుసార్లు చెప్పాడు. అతను తలూపి, మిస్టర్ కర్త పేరన తెనాలికి ఉత్తరం రాశాడు.

రెండు నెలలు పోయాయి. గడువు ఇంకా మూడు రోజులు.

"మిస్టర్ కర్త జవాబివ్వలేదు. అందుకని అద్దె మొత్తం మీ ఒక్కరిదేనని రాశాను. సంతకం పెట్టండి."

హరనాథ్ లేచి నిలబడ్డాడు. "మా తమ్ముళ్లకి వాటా లేదని నా చేత్తో రాయిస్తావా? మా నాన్న పోయి రెండేళ్లు కాలేదు. సంతకం లేదు, ఏమీ లేదు. నా కాగితాలు నాకిచ్చెయ్."

కారెక్కాక నేనన్నాను: "మీ వెనక వీధి జానకీదేవి గారు బెజవాడలో పదకొండేళ్లు ఆడిటరు."

"ఈ ముక్క ముందు చెప్పచ్చుగా."

"చదువు మధ్యలో ఎగ్గొట్టినవాణ్ణి నన్నెవడడిగాడు? డాక్టర్ల దగ్గరికి పోతిరి."

జానకీదేవి గారు వంటింటి బల్ల మీదే కాగితాలు పరిచారు. "కర్త అంటే మనిషి పేరు కాదు, హోదా అని ఒక పేజీ రాసి జతచేద్దాం. మీ వాటా మూడో వంతు, అదే చూపించండి. అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ తగ్గింపు అడగచ్చు. పోయినేడు చూపించారా?"

"దామోదర్ గారు వద్దన్నారండీ."

"సంతకం ఆయన పెట్టారా, మీరు పెట్టారా?"

హరనాథ్ పోయినేటి ఫారం కూడా తీసి బల్ల మీద పెట్టాడు.

"అదీ సరిదిద్ది పంపాలి. జరిమానా పడితే కట్టాలి."

"ఇంత తెలిసినవారు, ఇక్కడ ఏం చేస్తున్నారండీ?" అడిగాడు హరనాథ్.

"ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫైళ్లు సర్దుతాను. అక్కడి పరీక్షలు ఇక్కడ చెల్లవన్నారు."

ఆవిడ మామూలుగానే అన్నారు. మండింది నాకు. హరనాథ్ జతచేసే పేజీలో ఇద్దరు తమ్ముళ్ల పేర్లూ తనే పెద్దక్షరాలతో రాసి, రెండేళ్ల ఫారాల మీదా కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టాడు.