మనిషికీ మనిషికీ ఎడం

అడవిలో యుద్ధం ఎట్లుంటుందో చెప్పమని ఎవరైనా అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది. పటాలం వదిలొచ్చాక ఆదోనిలో నేను కాపలా కాసే పత్తి మిల్లు ముందు టీ తాగేవాళ్లందరికీ సినిమా కథ కావాలి. చెప్పడానికి ఏముంది? అడవిలో శత్రువు కనపడడు. పక్క పొదలో ఎవరున్నారో తెలియదు. అందుకే వెళ్లిన దారిన తిరిగి రాకూడదు, నీళ్లు కనపడగానే దిగకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా మనిషికీ మనిషికీ ఎడం ఉండాలి. ఇద్దరు ఒకచోట చేరితే ఒక్క విడత కాల్పులకే ఇద్దరూ పోతారు.

ఆ చివరిది మావాడికి ఎంత చెప్పినా ఒంటబట్టలేదు. వాడిది హొళగుంద వైపు పల్లె, నాది ఎమ్మిగనూరు. పటాలంలో మన యాస మాట్లాడేది మేమిద్దరమే. తోడబుట్టినవాడికంటే ఎక్కువైపోయాడు. మీసాలు మొలిచినప్పటి నుంచీ దసరాకు దేవరగట్టు ఎక్కినవాడు. అక్కడ ఉత్సవ విగ్రహం కోసం ఊరికీ ఊరికీ మధ్య కర్రలు లేచినప్పుడు ఒక్కో ఊరివాళ్లంతా భుజానికి భుజం ఆనించి దేవుణ్ణి చుట్టుకుని నిలబడతారు. విడిపోయినవాడి తల పగులుతుంది. వాడి ఒంటికి తెలిసిన పోరాటం అదొక్కటే.

"దూరంగా నడువురా, అట్ల అంటుకోవద్దు" అని నేను కసిరితే, "నువ్వు ఈడుంటే నేను యాడికి పోవాలన్నా" అని నవ్వేవాడు.

ఈశాన్య రాష్ట్రాల అడవిలో ఒకరోజు వాగు దాటి మలుపు తిరుగుతుంటే కాల్పులు మొదలయ్యాయి. నా తొడలో గుండు దిగింది. పడిపోయాను. అలాంటప్పుడు ఎక్కడివాళ్లు అక్కడే నేలను కరుచుకుని కాల్చాలి, కొందరు పక్కనుంచి చుట్టుకురావాలి. అందరూ అదే చేశారు. వాడు మాత్రం లేచి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. భుజానికి భుజం ఆనించి పడుకుని, "ఈడే ఉండానన్నా" అన్నాడు. రెండో విడత కాల్పులు మేమిద్దరం ఉన్నచోటికే వచ్చాయి. వాడు పోయాడు, నేను మిగిలాను.

ఆ తర్వాత కొత్తగా చేరినవాళ్లకు నేనే పాఠం చెప్పేవాణ్ణి. ఎడం పాటించక ఒకడు చచ్చిపోయాడు, మీరు అట్లా చేయకండి అని. పేరు మాత్రం చెప్పేవాణ్ణి కాదు. పాఠం సరైనదే.

పోయిన దసరాకు ముందు వాడి అక్కను చూడ్డానికి వెళ్లాను. తల్లి లేని వాణ్ణి పెంచింది ఆమే. వసారాలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. ఇన్నేళ్లుగా అడగనిది ఆ రోజు అడిగింది.

"వాడు ఒంటిగా పోయినాడాప్పా?"

తప్పు చేసి పోయాడని ఆమెకు ఎట్లా చెప్పేది?

"లేదక్కా. నా పక్కనే, నా భుజానికి ఆనుకుని ఉన్నాడు."

ఆమె చేతులు ఆగిపోయాయి. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అది సాలప్పా. దేవరగట్టుకు పోయినప్పుడల్లా నేనే సెప్పి పంపేదాన్ని, మనోళ్లను ఇడిసి పక్కకు పోవద్దురా అని. నా మాట ఇన్నాడు."

నేను ఆమె పక్కనే కూర్చుని, చాటలోంచి దోసెడు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను.