అవ్వకు అప్పజెప్పిన కాన్పుల పాఠం

నర్సింగు ఆఖరి పరీక్షలో నేను తప్పింది ఒక్క పేపరే. అది కాన్పుల పేపరు. మా అవ్వేమో ఆళ్లగడ్డలో ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి కాన్పులు చేస్తున్న మనిషి. ఆమె మనవరాలు కాన్పుల్లోనే తప్పిందని తెలిసి మా వీధంతా నవ్వింది.

అవి డెబ్భైల చివరి రోజులు. నంద్యాలలో హాస్టల్లో ఉండి శిక్షణ ముగించాను. అన్నీ పాసై నర్సుల కౌన్సిల్లో పేరు నమోదైతే తప్ప ఉద్యోగం లేదు. ఆరు నెలలకు మళ్లీ రాయాలి. పెట్టె సర్దుకుని ఇంటికి బయలుదేరుతుంటే మా వార్డు సిస్టరు పిలిచింది.

"ఎందుకు తప్పినావు?"

"సరిగ్గా చదవలేదు సిస్టర్."

"అబద్ధం. మొదటి ప్రశ్నకు ఎన్ని పేజీలు రాసినావు?"

పది. ఆఖరి రెండు ప్రశ్నలు ముట్టనే లేదు. ఆ మాట చెప్పేసరికి నాకే సిగ్గేసింది.

ఆమె పాత ప్రశ్నపత్రాల కట్ట ఒకటి నా చేతిలో పెట్టింది. "అడిగిన మాట కింద గీత గియ్యి. మార్కులను బట్టి నిమిషాలు పంచుకో. చదివింది ఎవరికన్నా తెలుగులో చెప్పు. చెప్పలేకపోతే అది నీకు రానట్టే" అంది.

నాయనా అమ్మా పొద్దున్నే శనగ చేలోకి పోయేవాళ్లు. చెప్పడానికి ఇంట్లో దొరికింది అవ్వ ఒక్కతే. నాయన అలారం గడియారం ముందు పెట్టుకుని, కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం గురించి మొదలుపెట్టాను. ముందు నిర్వచనం, తర్వాత రకాలు, తర్వాత కారణాలు.

"ఆపు మ్మే" అంది అవ్వ. "ఆడ ఆయమ్మకు నెత్తురు పోతాండాది. నువ్వు ఈడ కూచోని కారణాలు చదువుతాండావు. ముందు ఏం జేస్తావో అది చెప్పు."

అవ్వ తన పొత్తికడుపు మీద అరచెయ్యి పెట్టుకుంది. "ఈడ రుద్దాల. గర్భసంచి రాయి మాదిరి గట్టిపడాల. అది సూడకుండా నువ్వు ఎన్ని పేజీలు రాస్తే ఏంది?"

పుస్తకం తిరగేశాను. అదే మాట ఉంది, కానీ పేజీ అడుగున. నాకు ఒక్కసారిగా వెలుగు వచ్చినట్టయింది. పదిసార్లు బట్టీ పట్టిన పేజీ అది, ఒక్కసారి కూడా ఆ మంచం పక్కన నన్ను నేను నిలబెట్టుకుని చూడలేదు. ఆ రోజు నుంచి ప్రతి జవాబునూ చేతితో చేసే మొదటి పనితో మొదలుపెట్టాను. అది ఎందుకు చేస్తామో రెండో మాట. నిర్వచనం అడిగితేనే నిర్వచనం. పొద్దున లేస్తే ఎప్పుడు చదువుదామా అని ఉండేది.

బొడ్డుతాడు పాఠం రోజున మాత్రం అవ్వతో గొడవైంది. బ్లేడు, దారం నీళ్లలో మరిగించాలని, కోసిన చోట బూడిద అద్దకూడదని చెప్పాను. అవ్వ దగ్గర అందుకోసమే ఒక డబ్బా నిండా బూడిద ఉండేది.

"ఎందుకు అద్దకూడదు? మా అమ్మ నాటినుంచి అద్దుతాండాం."

అందులోంచి పుండులోకి క్రిములు పోతాయని, ధనుర్వాతం వస్తుందని, అప్పుడు బిడ్డ పాలు తాగలేక బిగుసుకుపోతుందని చెప్పాను. అవ్వ ఆ డబ్బా వైపు చూసింది.

"ఎనిమిదో దినం దవడలు పట్టుకొని పోయిన బిడ్డలు ఉండారు" అంది. "గాలి సోకిందనుకుంటిమి."

లేచి డబ్బా తీసుకెళ్లి పెంటదిబ్బలో బోర్లించి వచ్చింది. మర్నాడు పొద్దున ఆమే వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఈ పొద్దు ఏం పాఠం?"

నంద్యాలలో పరీక్ష రోజున ప్రశ్నపత్రం అందగానే అడిగిన మాటలకు గీతలు గీశాను. గంట కొట్టేసరికి అన్నీ రాసి, ఒకసారి చదువుకున్నాను కూడా. అసలు భయం మౌఖిక పరీక్ష. బయటి ఊరి నుంచి వచ్చిన డాక్టరమ్మ అడుగుతోంది. నాకు ముందు వెళ్లిన అమ్మాయి ఏడుస్తూ బయటికి వచ్చింది.

"మాయ పడింది. రక్తం ఆగడం లేదు. ఏం చేస్తావు?" అని డాక్టరమ్మ ఇంగ్లీషులో అడిగింది.

నోటికన్నా ముందు నా చెయ్యి కదిలింది. బల్ల మీది బొమ్మ కడుపుపై అరచెయ్యి పెట్టి రుద్దుతూనే, సాయానికి కేకేస్తానని, మూత్రం తీయిస్తానని, మాయ ముక్క ఏదైనా లోపల మిగిలిందేమో చూస్తానని, డాక్టరు చెప్పిన ఇంజెక్షను ఇస్తానని గబగబా చెప్పాను. ఆమె ప్రతిదానికీ ఎందుకని అడిగింది. అడిగే కొద్దీ నాకు హుషారు పెరిగింది.

"ఎవరు నేర్పారు నీకు?" అంది, ఈసారి తెలుగులో.

"మా వార్డు సిస్టరు, మా అవ్వ, మేడమ్."

"మీ అవ్వ ఏ ఆస్పత్రిలో పనిచేస్తారు?"

"ఇండ్లల్లో, మేడమ్."

డాక్టరమ్మ కలం కింద పెట్టి పకపకా నవ్వింది.

ఫలితం నంద్యాల బస్సులో వచ్చింది. సిస్టరు చీటీ రాసి కండక్టరు చేతికిచ్చిందట. ఆయన మా వీధి మొదట్లో బస్సు ఆపించి, "నర్సమ్మ ఇల్లు యాడప్పా?" అని అరిచాడు. చెప్పుల్లేకుండా పరిగెత్తాను. చీటీలో ఒకటే మాట, పాస్. అవ్వ నా చెయ్యి పట్టుకుని, నవ్విన ప్రతి ఇంటికీ లాక్కెళ్లి మరీ చెప్పింది. తిరిగి వస్తూ, "ఆ పరీచ్చ నా మాదిరి ముసలోళ్లు గూడ రాయొచ్చునా?" అని అడిగింది.

ఆ పరీక్ష అవ్వ రాయలేదు గానీ, ఎనభైల్లో నేను కోయిలకుంట్ల వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నప్పుడు పల్లెల్లో కాన్పులు చేసే ఆడవాళ్లకు శిక్షణ పెట్టారు. అవ్వ బస్సెక్కి వచ్చి ముందు వరసలో కూర్చుంది. పాఠం చెప్పేది నేను. ఒక్కరోజు కూడా నన్ను సాఫీగా చెప్పనివ్వలేదు.