విప్పేసిన బండి చప్పుడు

కాంపౌండరంటే ఆస్పత్రి కాంపౌండు దాటనివాడని మా మామగారి నమ్మకం. ఆ నమ్మకంతోనే పిల్లనిచ్చారు. పెళ్ళయిన ఏడాదికే మా నెల్లూరు మిషను ఆస్పత్రి దొరగారు ఇంగ్లండు సీమకు వెళ్ళిపోతూ, తన పాత మోటారు సైకిలు ఆస్పత్రికి వదిలేసి పోయారు. దాన్ని నడపడానికి ఎవరూ ముందుకు రాలేదు. వెనక్కి తగ్గడంలో నేను కాస్త ఆలస్యం చేశాను, అంతే. బండి నాదయింది.

అరవైల మొదట్లో మాట. వారానికోసారి మందులపెట్టె వెనక కట్టుకుని విడవలూరు దాటి, ఉప్పు కాలువ పక్కగా, సముద్రం ఒడ్డు పాళేల దాకా పోయేవాణ్ణి. ఆ దారిలో ఇంకో మోటారన్నది లేదు. నా చప్పుడు వినగానే జనం మంచాలు తెచ్చి దారి పక్కన వరసగా వేసి, జబ్బు మనుషుల్ని వాటి మీద కూర్చోబెట్టేవాళ్ళు. నేను మంచం నుంచి మంచానికి నడుచుకుంటూ పోవడమే.

చిట్టచివరి పాళెంలో ఒక అవ్వ ఉండేది. చక్కెర జబ్బు మనిషి. ఎడమ అరికాలి ముందు భాగాన మానని పుండు. మా డాక్టరమ్మ చూసి, వారం వారం కట్టు మారుస్తూ కదలకుండా కూర్చోబెడితే కాలు నిలుస్తుందనీ, ఆ కాలితో నడిస్తే మాత్రం కాలే తీసేయాల్సి వస్తుందనీ చెప్పింది. ఆ మాట అవ్వకు చేరవేస్తే, నువ్వు రావడం మానకుంటే నేను మంచం దిగను అంది. ఆ ఒప్పందం మీద పుండు మెల్లగా దారికొస్తూ ఉంది.

దారికి రానిది నా డ్రైవింగే. ఆ ఏటి వానలకు, కాలువ దాటడానికి నేలమట్టంగా కట్టిన ఒక చప్టా అంచు నీళ్ళ కింద విరిగిపోయి ఉంది. ముందు చక్రం అందులో దిగబడింది. బండి ఆగింది గానీ నేను ఆగలేదు. నాకు మోచెయ్యి గీసుకుపోయింది. బండికి ఫోర్కు వంగిపోయింది. ఫోర్కంటే ముందు చక్రాన్ని చెరో పక్కా పట్టుకునే రెండు ఉక్కు గొట్టాలని నాకు తెలిసింది అప్పుడే. అంతవరకూ నేనెరిగిన ఫోర్కు దొరగారి భోజనాల బల్ల మీదిది. దాంతోనూ పెద్ద పరిచయం లేదు, మొదటిసారే పెదవి పొడుచుకున్నాను.

బండిని ఎద్దుల బండికెత్తి నెల్లూరు తెచ్చాం. మెకానిక్ సాయిబు మంచి పనివాడే గానీ, పొద్దున చెప్పినమాట సాయంత్రం చెప్పడు. గొట్టాలు రెండూ ఊడదీసి మందపాటి అద్దం పలక మీద దొర్లించాడు. తిన్నగా ఉండే గొట్టం అద్దాన్ని అంటుకుని దొర్లుతుంది, వంకరుంటే కిందనుంచి వెలుతురు కనపడుతుంది. ఒకదాని కింద వెలుతురు సన్నగా గీతలా కనిపించింది. రెండోది కుంటుతూ దొర్లింది. పైగా వంగిన చోట ముసలి చర్మంలా ముడత పడి ఉంది. ముడత లేనిదాన్ని కాల్చకుండా జాకీతో నొక్కి సరిచేయొచ్చు. ముడత పడ్డదాన్ని సరిచేసినా ఆ చోటే విరుగుతుంది, కొలిమిలో పెడితే ఉక్కు మెత్తబడుతుంది. కాబట్టి రెండూ మార్చాలన్నాడు ఒక పూట. ఒకటి మార్చి ఒకటి సరిచేద్దామన్నాడు మరో పూట. అసలు ఈ బండే మారిస్తే ఎలా ఉంటుందని కూడా అడిగాడు. చివరికి మద్రాసు పాత సామాన్ల బజారులో అదే రకం గొట్టం కోసం కబురు పెట్టి కూర్చున్నాం.

ఈలోగా అవ్వకు మందూ, కొత్త కట్లూ పొట్లం కట్టి, ఉప్పు కాలువ మీద తిరిగే పడవాయనతో పంపాను. ఆయన తిరిగొచ్చి ఆ పొట్లం విప్పకుండానే నా ముందు పెట్టాడు.

"తీసుకోలేదయ్యా. మొన్న మిట్టమధ్యాహ్నం మీరు పోయినారంట గదా. మంచాలేసుకోని కూచోనుంటే, ఆపకుండా సముద్రం తట్టుకు పోయినారంట."

నేను నవ్వి, ఆయన్ని సాయిబు షాపుకు తీసుకెళ్ళాను. ముందు చక్రం లేకుండా, చెక్కపెట్టెల మీద ముక్కు ఎత్తుకుని ఉంది బండి. పడవాయన నవ్వలేదు. ఇంజను మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉంది. చప్పుడు ఒక్క అవ్వే కాదు, పాళెమంతా విన్నదనీ, ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళూ విన్నారనీ చెప్పాడు. బండి కనపడలేదు, దుమ్ము లేవలేదు. చప్పుడొక్కటే వాళ్ళ ముందునుంచి పోయింది. ఆ దారి సముద్రం దగ్గర ఇసుకలో ఆగిపోతుంది, పోయినవాడు అదే దారిన రావాలి. తిరిగి వచ్చిన చప్పుడు మాత్రం ఎవరూ వినలేదట.

పోతూ పోతూ, దొరగారి దగ్గర్నుంచి ఈ మధ్య ఉత్తరమేమన్నా వచ్చిందా అని అడిగాడు. రాలేదన్నాను. దొరగారు మధ్యాహ్నాలు ఈ బండి మీద ఆ దారినే సముద్రంలో ఈతకు పోయేవారని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

అంతటితో ఆగి ఉంటే కథగా చెప్పుకుని మరిచిపోయేవాణ్ణే. కానీ ఆ చప్పుడు మళ్ళీ మళ్ళీ వినపడుతోందనీ, వినపడినప్పుడల్లా అవ్వ నన్ను ఆపడానికి ఆ కాలితోనే దారి మీదికి నడిచొస్తోందనీ పడవాయన మరుసటి రాకలో చెప్పాడు. బండి విప్పేసి ఉందని కబురంపితే, కాలు చెడింది గానీ చెవులు చెడలేదని చెప్పమందట.

సాయిబుకు కాలు సంగతంతా చెప్పాను. మద్రాసు గొట్టం వచ్చేదాకా ఆగితే ఆ కాలు ఆగదన్నాను. ఆయన ముడత లేని గొట్టాన్ని జాకీతో నొక్కి తిన్నగా చేసి, ముడత పడ్డదాన్ని వీలైనంత సరిచేసి, లోపల బిగుతుగా ఉక్కు ముక్క దిగ్గొట్టాడు. స్ప్రింగు ఆడదు, రాయెక్కితే నీ పళ్ళు రాలతాయి అన్నాడు. ఒక్క ప్రయాణానికే. వెనక మనిషిని ఎక్కించుకోవద్దని మరీ మరీ చెప్పాడు.

నడిచే మనిషి దాటిపోయేంత నిదానంగా పోయాను. ఉప్పుమళ్ళు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఎటు చూసినా తెలుపు, నీడన్నది లేదు. బండి మామూలుగా కంటే పెద్దగానే మొత్తుకుంటోంది. అయినా పాళేల్లో ఎవరూ మంచాలు వెయ్యలేదు. తల తిప్పి కూడా చూడలేదు. కోపంగా ఉన్నారేమో అనుకున్నాను. దారి పక్కన చేపలు ఎండబెడుతున్న ఒకామె, చక్రం తన పక్కకు వచ్చాక నన్ను చూసి, ఉలిక్కిపడి గంప వదిలేసింది.

అవ్వ దారి నడుమ కర్ర ఆనుకుని, సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంది. వెనకగా పోయి ఆపాను. ఇంజను కొట్టుకుంటూనే ఉంది. ఆమె తిరిగి చూడలేదు. "అవ్వా" అన్నాను.

"పక్కకు జరుగు నాయనా. బండి ఇప్పుడే పోయింది. తిరిగి రావాల గదా."

ఇంజను ఆపేశాను. గాలీ, దూరంగా అలలూ. నాకింకేమీ వినపడలేదు. వినపడి ఉంటే కనీసం పాళెంతో కలిసి భయపడేవాణ్ణి.

కింద కూర్చోబెట్టి కట్టు విప్పాను. రెండు వేళ్ళు నల్లబడ్డాయి. పడవ కోసం చూస్తే ఆ నలుపు మడమ దాకా పోతుంది. ఆస్పత్రికి పోదాం, ఎక్కమన్నాను. ఆమె నన్ను కిందా మీదా చూసింది.

"వచ్చింది నువ్వో కాదో నాకెట్ట తెలిసేది? చప్పుడు లేకుండా వచ్చినావు."

ఆమె చెయ్యి చాచి ఇంజను తాకి, చురుక్కుమనేసరికి వెనక్కి తీసుకుంది. వేడిగానే ఉండాది, పోదాం పద అంది.

తువ్వాలుతో ఆమెను నా నడుముకు కట్టుకుని బయల్దేరాను. ప్రతి గుంతకూ గొట్టం మూలిగింది, నేనూ మూలిగాను. అవ్వ మాత్రం వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. చప్టా దగ్గరికొచ్చాక నా భుజం నొక్కింది.

"నిలుపు. దాన్ని ముందు పోనీ."

బండిని పక్కకు తీసి నిలబెట్టాను. నీళ్ళ మీద చిన్న అల కూడా లేదు. ఎంతసేపు అలా ఎండలో నిలబడ్డామో తెలియదు. ఆఖరికి అవ్వ ఊపిరి వదిలి, పోయింది, ఇక పద అంది. నేను తలొంచుకుని బండి తీశాను.

డాక్టరమ్మ రెండు వేళ్ళు తీసేసి, కాలు నిలబెట్టింది. నెల తిరక్కముందే మద్రాసు నుంచి గొట్టం వచ్చింది, అతుకుల గొట్టం సాయిబు షాపు ముందు మేకను కట్టే గుంజయింది. పాళెంలో ఆ చప్పుడు మళ్ళీ వినపడిందో లేదో నేను అడగలేదు.

అవ్వ ఇంటికి పోయాక పాళేలన్నిటికీ కొత్త కట్టడి వచ్చింది. చప్పుడుకు ఎవరూ లేవకూడదు. నేను బండి పాళెం బయటే ఆపి, ఎండలో నడిచొచ్చి, కాంపౌండర్ని వచ్చానంటూ కేకేయాలి. అప్పుడు కూడా ఎవరో ఒకరొచ్చి నా భుజం తట్టి చూసిగానీ మంచాలు వేసేవాళ్ళు కాదు. అవ్వ మంచం దిగకుండా, లోపల్నుంచే అడిగేది, గట్టిగా తట్టి చూసినారా అని.